తొమ్మిది గంటల లెక్క: పొదలకూరు మిట్ట మీద ఒక బోరు, మూడెకరాలు

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో మాకున్న పొలం డైరీ ఇది. 2022 అక్టోబరు నుంచి 2024 జూన్ వరకు నోటు పుస్తకంలో రాసుకున్నదాన్ని సాపు చేసి పెడుతున్నాను. ఇదే పని మొదలుపెట్టేవాళ్లు కనీసం డ్రిప్ దగ్గర నేను చేసిన తప్పు చేయకుండా ఉంటే చాలు.

పొలం వివరాలు:
బోరు లోతు 240 అడుగులు. మోటారు 190 అడుగుల దగ్గర వేలాడుతోంది. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, కొని ఆరేళ్లయింది. రెండెకరాల్లో నిమ్మ (6 మీటర్ల ఎడం, 210 చెట్లు), ఎకరం వరి, షెడ్డు పక్కన 15 సెంట్ల ఖాళీ జాగా. ఎర్ర ఇసుక నేల. 68 టీఎంసీల కండలేరు జలాశయం మాకేమంత దూరం కాదు. దాని నీళ్లు తెలుగుగంగ కాలువలో పూండి దాకా, అక్కణ్ణుంచి చెన్నై కుళాయిల దాకా పోతాయి గానీ మా మిట్ట మీదికి ఎక్కవు. మాకు బోరే దిక్కు.

పగటిపూట 9 గంటలు త్రీఫేజ్ కరెంటు. బిల్లు లేదు. రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితమే. నీళ్లకు ఎలాగూ ధర లేదు. అలాంటప్పుడు దేన్ని పొదుపు చేసినా చేతికి కనిపించేది ఏమీ ఉండదు. చాలా రోజులు ఆలోచించాక తేలింది ఒక్కటే: నా దగ్గర లెక్కపెట్టుకుని ఖర్చు చేయాల్సింది గంట. రోజుకు తొమ్మిదే ఉంటాయి. నీళ్లు, కరెంటు, పంట మూడూ ఆ తొమ్మిది గంటల్లోంచే రావాలి. అందుకే డైరీలో ప్రతిదానికీ మొదటి గడి మోటారు గంటలు.

దశ 1: ముందు కొలతలు (2022 అక్టోబరు – 2023 మార్చి)

స్టార్టరు తర్వాత సొంతంగా ఒక త్రీఫేజ్ ఎనర్జీ మీటరు పెట్టించాను. అది చూసి పక్క పొలం మామ అడిగాడు: "ఏందిరా అబ్బయా, ఊరికే వచ్చే కరెంటుకు మీటరేంది?" అప్పటికి నా దగ్గర సమాధానం లేదు.

నీళ్లు కొలిచిన పద్ధతి:

1. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి, ముందు బక్కెట్లతో నింపి 200 లీటర్ల మట్టం దగ్గర పెయింటుతో గీత పెట్టాను. డ్రమ్ము మీద అచ్చు వేసిన అంకెను నమ్మొద్దు. నా డ్రమ్ము అంచుదాకా నింపితే 212 పట్టింది.
2. మోటారు వేసి 20 నిమిషాలు ఆగాను. మొదట వచ్చే ధార అసలు ధార కాదు, బోరులో మట్టం దిగాక వచ్చేదే అసలుది.
3. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు నింపాను: 63, 64, 65 సెకన్లు. సగటు 64. అంటే గంటకు 11,250 లీటర్లు.
4. అదే సమయంలో మీటరు: గంటకు 4.5 యూనిట్లు.

వెయ్యి లీటర్లకు 0.40 యూనిట్లు. ఈ డైరీ అంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

బోరులో నీటిమట్టం కొలవడం దగ్గర మొదటి దెబ్బ తగిలింది. నైలాన్ దారానికి పెద్ద ఇనప నట్టు కట్టి దించాను. 130 అడుగుల దగ్గర కేబుల్‌కూ పైపుకూ మధ్య ఇరుక్కుంది. లాగితే దారం తెగింది. నట్టు జారి మోటారు మీద కూర్చుంటే కేబుల్ కోసుకుపోతుందని మెకానిక్ భయపెట్టాడు. నిజమే చెప్పాడు. చైన్ బ్లాక్ తెచ్చి పైపులన్నీ పైకి లాగి, నట్టు తీసి, మళ్లీ దించేసరికి ఒక పూట పోయింది, మూడు వేలు ఖర్చయింది. ఆ దించేటప్పుడే పనిలో పనిగా పైపు పక్కన అర అంగుళం పీవీసీ గొట్టం 180 అడుగుల దాకా కట్టించాను. ఇప్పుడు దాంట్లోంచి రెండు పోగుల వైరు దించుతాను. కొసలు నీళ్లకు తగలగానే పైన బజరు మోగుతుంది. మీరు ఎప్పుడైనా మోటారు పైకి తీస్తే ఈ గొట్టం కట్టకుండా దించొద్దు. ఇంత పనికొచ్చే సామాను మరొకటి నేను చూడలేదు.

రాత్రంతా ఆగాక మట్టం 96 అడుగులు. రెండు గంటలు నడిచాక 140. పైపులో రాపిడి కూడా కలిపితే మోటారు నీళ్లను దాదాపు 48 మీటర్లు ఎత్తుతున్నట్టు లెక్క. వెయ్యి లీటర్లను ఒక మీటరు ఎత్తడానికి 0.0027 యూనిట్లు చాలు. 48 మీటర్లకు 0.13. నా మోటారు తీసుకునేది 0.40. మిగతా మూడింట రెండు వంతులు వేడికీ రాపిడికీ పోతోంది. ఇదే లెక్కలో, నీటిమట్టం పది అడుగులు దిగితే వెయ్యి లీటర్లకు ఇంకో 0.025 యూనిట్లు పెరుగుతుంది. పక్కోడు కొత్త బోరు వేస్తే నా కరెంటు ఎందుకు పెరుగుతుందో అప్పుడు అర్థమైంది.

రబీ వరి, పాత పద్ధతిలోనే, ఏమీ మార్చకుండా (నెల్లూరు మసూరి, అంటే ఎన్‌ఎల్‌ఆర్ 34449, ఎకరం):
మోటారు 347 గంటలు. నీళ్లు 39 లక్షల లీటర్లు. 1,561 యూనిట్లు. దిగుబడి 2 పుట్ల 680 కిలోలు (మా పుట్టి 850 కిలోలు), మొత్తం 2,380 కిలోలు.
కిలో వడ్లకు 1,640 లీటర్లు, 0.66 యూనిట్లు.

ప్రపంచం మొత్తం మీద కిలో వడ్లకు సగటున 2,500 లీటర్లు పడతాయని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. అందులో వాన కూడా ఉంది, నాది బోరు నీళ్లు మాత్రమే. కాబట్టి నేను గొప్ప అనుకోవడానికి లేదు.

ఇప్పటివరకు ఖర్చు: మీటరు 2,200, క్లాంప్ మీటరు 1,450, ప్రెజర్ గేజీలు రెండు 700, వైరు, బజరు 340, నట్టు పాపం 3,000. మొత్తం ₹7,690.

దశ 2: డ్రిప్, నా పెద్ద తప్పు (2023 ఏప్రిల్ – మే)

మార్చిలో నిమ్మకు బోరు నీళ్లనే పిల్లకాలువల్లో పాదులకు పారించేవాణ్ణి. ఆరు రోజులకొక తడి, తడికి 15 గంటలు. నెలకు 75 గంటలు, 8.44 లక్షల లీటర్లు, 338 యూనిట్లు.

ఏప్రిల్‌లో సబ్సిడీ డ్రిప్ వచ్చింది, నా వాటా ₹14,600. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 8 లీటర్లు. తోటను 105 చెట్ల చొప్పున రెండు బ్లాకులు చేశారు. ఒక బ్లాకు తిప్పాక ఇంకోటి.

మొదటి సాయంత్రమే లేటరల్ పైపులు (చెట్ల వరుసల వెంట పరిచే సన్న పైపులు) టపటపా ఊడిపోయాయి. ఒకటి బిగిస్తుంటే రెండోది. మామ గట్టు మీద కూర్చుని, "దీపావళి ముందే వచ్చిందే" అన్నాడు. డ్రిప్ వేసినవాళ్లకు ఫోను చేస్తే గేటు వాల్వు బిగించమన్నారు. బిగించాను, ఊడటం ఆగింది. సమస్య తీరిందనుకుని నెల రోజులు అలాగే నడిపాను.

మే నెల లెక్క వేసి చూస్తే:
రోజుకు బ్లాకుకు 3 గంటలు. రెండు బ్లాకులకు 6. నెలకు 180 గంటలు.
నీళ్లు 6.05 లక్షల లీటర్లు.
యూనిట్లు 648.

నీళ్లు తగ్గాయి. యూనిట్లు మాత్రం దాదాపు రెట్టింపు. మార్చికీ మేకీ ఎండలో తేడా ఉంది, ఆ పోలిక సరికాదని తెలుసు. అందుకే వెయ్యి లీటర్ల లెక్కకు వచ్చాను: ముందు 0.40, ఇప్పుడు 1.07. మీటరు తప్పేమోనని క్లాంప్ మీటరుతో కూడా చూశాను. తప్పు మీటరుది కాదు.

కారణం గేజీ చెప్పింది. వాల్వుకు ముందు 4 కేజీల ప్రెజర్, దాటాక 1. గంటకు 11,250 లీటర్లు తోడే మోటారును 3,360 లీటర్లే తాగే బ్లాకుకు కట్టేశాం. నీళ్లు మూడో వంతుకన్నా తగ్గినా మోటారు తీసుకునే కరెంటు 4.5 నుంచి 3.6కే తగ్గింది. మిగతా బలమంతా గేటు వాల్వు దగ్గర చచ్చిపోతోంది. చేయి పెడితే వాల్వు సన్నగా వణకడం తెలుస్తుంది. నెల రోజులు అది వణుకుతూనే ఉంది, నేను పట్టించుకోలేదు.

కరెంటు ఊరికే కదా, పోతే పోనీ అనుకోవచ్చు. కానీ గంటల గడి చూడండి: 75 ఉండేది 180 అయింది. తొమ్మిది గంటల్లో ఆరు నిమ్మకే పోతే మిగతా నేలకు ఏం పెట్టాలి? మామ అడిగినదానికి సమాధానం ఇక్కడ దొరికింది.

ఇంకో రెండు తప్పులు ఈ దశలోనే. పన్నెండేళ్ల చెట్లకు వేళ్లు పాదు అంతా పరుచుకుని ఉంటాయి. డ్రిప్పర్లను మొదలు దగ్గర అడుగు దూరంలో పెట్టారు. పది రోజుల్లో ఆకు వాడింది. డ్రిప్పర్లను మొదలు నుంచి మీటరు దూరానికి, నాలుగు వైపులా జరిపాక తేరుకున్నాయి. మొదలుకు నీళ్లు తగలకపోవడం మంచిదే, తడి అంటుకుంటే నిమ్మకు బంక తెగులు. రెండోది, మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. రెండు నెలలకే డ్రిప్పర్ల నోళ్లలో తెల్ల పొడి పేరుకుంది.

దశ 3: గంటలు వెనక్కి తెచ్చుకోవడం (2023 జూన్ – ఆగస్టు)

మెకానిక్ రెండు దారులు చెప్పాడు: 3 హెచ్‌పీ కొత్త మోటారు, లేదంటే పంపులో రెండు ఇంపెల్లర్లు తీసేయడం. వరికి మళ్లీ పూర్తి ధార కావాలి, కాబట్టి రెండూ వద్దన్నాను. మోటారును మార్చకుండా, దాని ధారకు సరిపడేలా పొలాన్ని మార్చాను.

1. రెండు బ్లాకులూ ఒకేసారి తెరిచాను. గంటకు 6,720 లీటర్లు, 4.2 యూనిట్లు. వెయ్యి లీటర్లకు 0.63. సబ్‌మెయిన్ పైపు సైజు సరిపోతుందా అని భయపడ్డాను గానీ చివరి చెట్టు దగ్గర కూడా నీళ్లు వచ్చాయి.
2. ఇంకా ధార మిగిలే ఉంది. ఖాళీగా ఉన్న 15 సెంట్లలో 16 వరుసలు, వరుసకు 32 మీటర్ల ఇన్‌లైన్ లేటరల్ పరిచాను. గంటకు 2,560 లీటర్లు పడుతుంది. బెండ, గోరుచిక్కుడు, రెండు వరుసలు వంగ.
3. మూడూ కలిపి తెరిస్తే గంటకు 9,280 లీటర్లు, 4.4 యూనిట్లు. వెయ్యి లీటర్లకు 0.47. గేటు వాల్వు పూర్తిగా తెరిచే ఉంటుంది. ఫిల్టరుకు ముందు 1.2 కేజీలు, దాటాక 1.

రోజుకు మూడు గంటలు. నెలకు 90 గంటలు, 396 యూనిట్లు. నిమ్మకు మే నెలంత నీళ్లు, పైగా కూరగాయలు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నీళ్లు మిగిలాయని కొత్త పంట వేశాను కాబట్టి బోరులోంచి తోడేది నెలకు 6.05 లక్షల నుంచి 8.35 లక్షల లీటర్లయింది, అంటే మార్చిలో కాలువ పెట్టినప్పటి లెక్కకే వచ్చేశాం. డ్రిప్ వేస్తే భూగర్భజలం మిగులుతుందని చెప్పేవాళ్లు ఈ అంకె చూడాలి. డ్రిప్ వల్ల నీళ్లు మిగలవు, పంట పెరుగుతుంది. నీళ్లు మిగలాలంటే మిగిలినదాన్ని తోడకుండా ఉండాలి. పదిహేను సెంట్ల దగ్గర నేను ఆగాను. ఆగకుండా ఎకరం పెంచినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

నీళ్లు, శక్తి, ఆహారం మూడింటినీ కలిపి ప్లాన్ చేయాలని 2011 నవంబరులో జర్మనీలోని బాన్‌లో పెద్ద సదస్సే జరిగింది. అక్కడి మాట ఇక్కడి దరఖాస్తు ఫారం మీదికి ఇంకా రాలేదు. డ్రిప్ దరఖాస్తులో ఎకరాలు, చెట్ల సంఖ్య, ఆధార్ అన్నీ అడిగారు. మోటారు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందని ఒక్క గడి లేదు. ఆ ఒక్క గడి ఉండుంటే బ్లాకులు ఎన్ని చేయాలో మొదటిరోజే తేలిపోయేది.

కెపాసిటర్ గురించి: 2 కేవీఏఆర్‌ది ₹650 పెట్టి బిగించాను. ఆంపియర్లు 8.1 నుంచి 6.9కి దిగాయి. యూనిట్లు అలాగే ఉన్నాయి. కెపాసిటర్ పెడితే మీటరు నెమ్మదిస్తుందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు. లాభం లైనుకూ ట్రాన్స్‌ఫార్మరుకూ. అది 7వ దశలో వస్తుంది.

సున్నానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చివరి డ్రిప్పరు దగ్గర పీహెచ్ పట్టీ (పులుపు కొలిచే కాగితం) రంగు 4 చూపించేదాకా వదిలి, అరగంట ఆపి, లేటరల్ మూతలు తీసి కడిగాను. ముందు, తర్వాత ఒక నిమిషం పాటు గ్లాసులో పట్టిన నీళ్లు: బోరు దగ్గరి చెట్టు 141 – 143 మిల్లీలీటర్లు, మధ్యలో 118 – 135, చివర 74 – 126. ఉండాల్సింది 133. చివర చెట్టు సగం దాహంతో ఉన్న సంగతి ఆకు చెప్పకముందే గ్లాసు చెప్పింది.

ఈ దశలో: కెపాసిటర్ 650, కూరగాయల పైపులు, ఫిట్టింగులు 4,850.
ఇప్పటివరకు ఖర్చు: ₹27,790.

దశ 4: నీటి కుంట (2023 సెప్టెంబరు – డిసెంబరు)

మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. ఆ నీళ్లు పట్టి ఉంచితే జనవరిలో కొన్ని గంటలు మోటారు వేయక్కర్లేదని ప్లాన్. పైన 12 × 12 మీటర్లు, అడుగున 6 × 6, లోతు 2 మీటర్లు. 1.68 లక్షల లీటర్లు పడుతుంది. జేసీబీ 5 గంటలు, ₹6,500.

తవ్వే ముందు లెక్క వేయలేదు: 1.68 లక్షల లీటర్లంటే నా మోటారుకు 15 గంటల పని. అంతే. నిమ్మకు ఒక్క తడి. నిండిన ప్రతిసారీ ఒక తడి మిగులుతుందని తెలిసి ఉంటే అంత ఆశ పెట్టుకునేవాణ్ణి కాదు.

నవంబరులో మొదటి వానకు సగం నిండింది. కర్ర పాతి రోజూ చూశాను: రోజుకు 9 సెంటీమీటర్లు దిగుతోంది. ఎండకు ఆవిరయ్యేది సెంటీమీటరు కూడా ఉండదు. మిగతాదంతా ఇసుక నేల తాగేస్తోంది. ప్లాస్టిక్ షీటు వేయాలా? ధర అడిగి ఊరుకున్నాను. నేల తాగితే ఆ నీళ్లు పోయేది బోరు వైపే కదా అని సర్దుకున్నాను. కుంట బోరుకు 40 మీటర్ల దూరంలోనే ఉంది.

డిసెంబరు 4, 5 తేదీల్లో మిచౌంగ్ తుపాను. బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు జిల్లా అంతా కుమ్మేసింది. కుంటకు నీళ్లు వచ్చే దారి పెట్టాను, పోయే దారి పెట్టలేదు. చెరువు కట్టినవాడు ఎవడైనా ముందు అలుగు చూసుకుంటాడు, నేను చూసుకోలేదు. ఉత్తరపు కట్ట నాలుగు మీటర్ల మేర తెగి, ఆ మట్టంతా వరి మళ్లో పడింది. నాటి పదిరోజులే అయింది. ఐదు సెంట్ల నారు మట్టి కింద పోయింది.

తర్వాత చేసింది:

1. కట్ట మళ్లీ కట్టి, అడుగు మట్టి వేసిన ప్రతిసారీ నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించాను. మొదటిసారి జేసీబీ బక్కెట్‌తో తట్టి వదిలేశారు.
2. కట్ట పైమట్టానికి అడుగున్నర కింద, మీటరున్నర వెడల్పున రాళ్లు పేర్చి అలుగు.
3. నీళ్లు దిగే చోట ఒక చిన్న గుంత, బురద అక్కడే ఆగడానికి. వాన వెలిసినప్పుడల్లా దాన్ని తీయాలి. నేను రెండుసార్లు తీసి మూడోసారి బద్ధకించాను.

జేసీబీ 2,600, రాళ్లు, కూలి 4,900.
ఇప్పటివరకు ఖర్చు: ₹41,790.

దశ 5: వరిలో గొట్టాలు (2023 నవంబరు – 2024 మార్చి)

తడి–పొడి పద్ధతి. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టకుండా, లోపలి నీళ్లు 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ పెట్టడం. దిగింది లేనిది చూడటానికి గొట్టం.

1. 4 అంగుళాల పీవీసీ పైపు, 30 సెంటీమీటర్ల ముక్కలు ఆరు. 6 అంగుళాలది మంచిది, చెయ్యి పడుతుంది. నా దగ్గర పాతది 4 ఉంది.
2. కింది సగానికి 5 మిల్లీమీటర్ల బిట్టుతో రెండేసి సెంటీమీటర్లకు ఒక రంధ్రం.
3. రంధ్రాలున్న సగం మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేయాలి.
4. నాటిన మొదటి రెండు వారాలు, పూత దశలో మాత్రం ఆరబెట్టకూడదు. అప్పుడు 5 సెంటీమీటర్ల నీళ్లు ఉండాల్సిందే.

మొదట గొట్టాలను గెనిమ పక్కనే పెట్టాను, నడవడానికి వీలని. రెండు గొట్టాలు ఒక్క రోజులోనే ఖాళీ అయ్యేవి. మడి ఎండుతోందని నీళ్లు పెట్టేవాణ్ణి, మళ్లీ ఖాళీ. వారం తర్వాత చూస్తే గెనిమలో ఎండ్రకాయ బొరియలు. నేను కొలిచింది మడిని కాదు, ఎండ్రకాయ ఇంటిని. గొట్టాలను రెండు మీటర్లు లోపలికి జరిపాక లెక్క సరిపడింది.

నేల ఆరేసరికి తుంగ లేచింది. మామూలుగా నిలిచిన నీళ్లే దాన్ని తొక్కిపెడతాయి. అదనంగా నాలుగు కూలీలు, ₹1,600. కరెంటు ఊరికే, కూలి ఊరికే కాదు. తడి–పొడి పద్ధతిని రైతులు ఎందుకు వదిలేస్తారో ఇక్కడే ఉంది. నీళ్లు, యూనిట్లు మిగిలితే ఊరికీ, రాష్ట్రానికీ లాభం, కలుపు ఖర్చు మాత్రం రైతు జేబులోంచి పోతుంది.

ఫలితం: 248 గంటలు, 27.9 లక్షల లీటర్లు, 1,116 యూనిట్లు. దిగుబడి 2 పుట్ల 590 కిలోలు, మొత్తం 2,290 కిలోలు.
కిలోకు 1,218 లీటర్లు, 0.49 యూనిట్లు.

నిరుటితో పోలిస్తే 99 గంటలు తక్కువ. ఇందులో తుపాను వాటా ఎంత, గొట్టాల వాటా ఎంత అని విడదీయలేను. 90 కిలోలు తగ్గడానికి కారణం మట్టి కింద పోయిన నారే అనుకుంటున్నాను.

గొట్టాలు 420, కలుపు 1,600.
ఇప్పటివరకు ఖర్చు: ₹43,810.

దశ 6: ఎడగారు బదులు నువ్వులు (2024 మార్చి – జూన్)

ఎండాకాలంలో బోరు కింద ఎడగారు వరి వేయడం మా వైపు కొందరికి అలవాటు. ఈసారి నేను వేయలేదు. ఎకరం నువ్వులు చల్లాను, నాలుగు తడులు.

72 గంటలు, 324 యూనిట్లు. మట్టం దిగింది కాబట్టి డ్రమ్ము నిండటానికి 66 సెకన్లు. నీళ్లు 7.85 లక్షల లీటర్లు. దిగుబడి 290 కిలోలు.
కిలోకు 2,708 లీటర్లు, 1.12 యూనిట్లు.

ఈ అంకె చూసి కాసేపు దిగాలు పడ్డాను. కిలో లెక్కన నువ్వులు వరికన్నా రెండింతలు నీళ్లు తాగాయి. మరి నేను చేసింది తప్పా? తప్పు కొలబద్దది. కిలో నువ్వులూ కిలో వడ్లూ ఒకటి కాదు. వడ్లు ఆడిస్తే బియ్యం మూడింట రెండు వంతులు. నువ్వుల్లో సగం దాకా నూనే. వెయ్యి క్యాలరీల తిండికి వేస్తే వరికి సుమారు 535 లీటర్లు, నువ్వులకు 473. 2023–24 మద్దతు ధరలతో (వడ్లు క్వింటాలుకు 2,183, నువ్వులు 8,635) వేస్తే వెయ్యి లీటర్ల నీళ్లకు వరిలో ₹17.9, నువ్వుల్లో ₹31.9. మోటారు గంటకు వేస్తే వరికి ₹202, నువ్వులకు ₹348.

అలాగని ఊరంతా నువ్వులే వేస్తే తినేదేంటి అని మా అమ్మ అడిగింది. అందుకే రబీకి వరి ఉంటుంది. వాన నీళ్లు ఉన్న కాలానికి వరి, లేని కాలానికి నువ్వులు.

దశ 7: ట్రాన్స్‌ఫార్మరు (2024 ఏప్రిల్ – జూన్)

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మీద మావి నాలుగు మోటార్లు. నాలుగింటికీ ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే నాలుగూ ఒక్కసారి లేస్తాయి, ఫ్యూజు ఢమాల్. 2023లో నా డైరీలో 11 సార్లు ఉంది. ఒక్కోసారి సగం రోజు పోయేది. నేను వాల్వులు తిప్పి మిగిల్చిన గంటలు ఇక్కడ పోతున్నాయి.

ఒప్పందం:

1. ఆటోలు తీసేయాలి. ఎవరి మోటారు వాళ్లు వచ్చి వేసుకోవాలి.
2. ఒక మోటారుకూ ఇంకోదానికీ పది నిమిషాల ఎడం.
3. మధ్యాహ్నం రెండే నడవాలి.
4. నలుగురికీ కెపాసిటర్లు.

మూడోది పది రోజులు కూడా నిలవలేదు. ఒకాయనకు వేరుశనగ ఊడలు దిగే టైము, ఆయన టెన్షన్ ఆయనది. మొదటి రెండూ నిలిచాయి. ముగ్గురం కెపాసిటర్లు పెట్టాం. స్టార్టరు దగ్గర వోల్టేజి 372 నుంచి 391కి పెరిగింది. ఈ మూడు నెలల్లో ఫ్యూజు ఒక్కసారి పోయింది. ఆటో తీసేసినందువల్ల నాకు కొత్తగా తెలిసిన సంగతి: అంతకుముందు ఎవరూ లేనప్పుడు వారానికి మూడు నాలుగు గంటలు నా నీళ్లు బాటలో పారేవి.

సోలార్ పంపు పెట్టుకోవచ్చుగా అని ఇద్దరు అడిగారు. పెట్టుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు గొడవ ఉండదు, నేలటూరు థర్మల్ స్టేషన్లో బొగ్గు కాలక్కర్లేదు. కానీ ఎండ ఉన్నంతసేపూ నడుస్తుంది. తొమ్మిది గంటల హద్దు పోయాక బోరును ఆపేది ఎవరు? ఆ సమాధానం దొరికాకే దరఖాస్తు పెడతాను.

బోరు మట్టం, రాత్రంతా ఆగాక:
2023 మే 15: 118 అడుగులు.
2024 మే 15: 111 అడుగులు.
ఏడు అడుగులు మెరుగు. కుంట వల్ల అని రాసుకోవాలని ఉంది, కానీ మిచౌంగ్ కురిసిన వాన తర్వాత అలా రాసుకుంటే మోసం. ఇంకో రెండు మే నెలల కొలతలు కావాలి.

మిగిలిన పనులు: కుంట బురద గుంత తీయాలి. నిమ్మకు రెండో యాసిడ్ కడుగుడు. నిమ్మ దిగుబడి లెక్క ఈసారి బస్తాల్లో కాకుండా తూకం చీటీలతో రాయాలి.

జూన్ 9న మామ వచ్చి డ్రమ్మూ, బజరు వైరూ అడిగి తీసుకెళ్లాడు. వాళ్ల బోరుకు పక్కన గొట్టం లేదు, వైరు దించొద్దని రెండుసార్లు చెప్పాను. పదిరోజులైంది, డ్రమ్ము ఇంకా వాళ్ల గట్టు మీదే ఉంది. గీత వెలిసిందని దాని మీద కొత్త పెయింటు కూడా వేశాడు.